కడిగినవాడు చెప్పకూడదు

మా ఊరి జనానికి ఒక తిక్క ఉంది. ఎవరు చేసిన మంచిపనికైనా ఒక మగవాడి పేరు తగిలిస్తే గానీ వాళ్లకు అన్నం అరగదు. ‘ఎస్సైని ఇంటికి పంపిన మొనగాడు దూదేకుల మస్తానప్ప’ అని నా ఎదుటే చెప్పుకుంటారు. ఆ మస్తానప్పను నేనే. చెబుతున్నా వినండి, అదంతా ఉత్తమాట. ఎస్సై ఉద్యోగం పోయిన మాట నిజం. వాడితో పాటు ఇద్దరు కానిస్టేబుళ్లు జైలుకు పోయిన మాటా నిజం. కానీ ఆ ఎండాకాలంలో నేను చేసినదల్లా మూడు నెలలు నోరు మూసుకోవడం, ఒక పూట తెరవడం. మిగిలినదంతా దస్తగిరమ్మ చేసింది.

అది యాభై నాలుగో సంవత్సరం. కర్నూలు కొత్తగా రాజధాని అయింది. కట్టడాలు చాలక కచేరీలు గుడారాల్లో పెట్టారు. మా నల్లదిన్నె నుంచి కర్నూలుకు తొమ్మిది మైళ్లు. ఊళ్లో పని లేని కుర్రాళ్లంతా ఆ గుడారాలు వేసే కూలికి పోయేవాళ్లు. దస్తగిరమ్మ కొడుకు మౌలాలి కూడా పోయాడు. ఇరవై రెండేండ్లవాడు, ఎద్దులాగా పనిచేసేవాడు, నవ్వితే వీధి చివరికి వినపడేది. ఆమెకు మొగుడు లేడు, ఇంకో బిడ్డ లేడు.

మార్చి మొదట్లో ఒక సాయంత్రం ఇంటికి నడిచి వస్తుంటే దారిలో ఒక ఠాణావాళ్లు వాణ్ణి పట్టుకున్నారు. ఆ ఠాణా పేరు ఇప్పుడెందుకులెండి. గుడారపు గుడ్డ ఎవరో కోసుకుపోయారట, అది వీడేనట. దస్తగిరమ్మ రెండు రోజులు ఠాణా బయట సద్దిమూట పట్టుకుని కూర్చుంది. లోపలికి పోనివ్వలేదు. మూడో రోజు పొద్దున ఎద్దులబండిలో శవాన్ని ఊరికి తెచ్చారు. పైన గోనెపట్టా, పట్టా మీద సున్నం. వెంట వచ్చిన కానిస్టేబులు దూరంగా నిలబడి అరిచాడు.

“వాంతిభేది! ఎవురూ ముట్టుకోవద్దండి. పట్టాతోనే పూడ్చేయండి!”

వాళ్ల లెక్క ప్రకారం అంతటితో అయిపోవాలి. వాంతిభేది అంటే మా తట్టు ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయిన రోజులవి. ఆ పేరు చెబితే ఎవడూ దగ్గరికి రాడని వాళ్ల ధైర్యం. కానీ మాలో శవాన్ని కడగకుండా మట్టికి ఇవ్వరన్న సంగతి వాళ్లకు పట్టలేదు. ఏ రోగంతో పోయినా గుసుల్ చేయించాల్సిందే, తెల్లగుడ్డ కఫన్ చుట్టాల్సిందే. మా ఊళ్లో మగవాళ్ల శవాలు కడిగే పని మా ఇంటిది. మా నాయన చేశాడు, ఆయన తర్వాత నేను. మిగతా రోజులు దూది ఏకి పరుపులు కుట్టేవాణ్ణి.

మా ఇంటిది ఖాసింబీ వాకిట అడ్డం నిలబడింది.

“ఇంట్లో పసిబిడ్డ ఉండాది. నువ్వు పోయి రోగం మోసుకొస్తే మా గతేంది?”

“నేను పోకుంటే ఎవురు పోతారే?” అన్నాను. ఆమె పక్కకు జరిగింది.

నాకు తోడు వచ్చినవాడు మౌలాలి మేనమామ ఇమాంసాబు ఒక్కడే. ముసలాయన, రెండు కండ్లలో పొరలు. నీళ్లు పోయమన్న చోట పోశాడు. చుట్టూ చీరలు కట్టిన ఆ మరుగులో చూసే కండ్లు నావి మాత్రమే.

చూశాను. ఏం చూశానో అప్పుడు ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడూ ఈ చోట చెప్పను. కఫన్ చుట్టాక ముఖం మాత్రం తెరిచి తల్లికి చూపించాం. ఆమె కొడుకు ముఖాన్ని చాలాసేపు చూసింది. ఏడవలేదు. మా ఆడవాళ్లు ‘రాయి అయిపోయింది’ అన్నారు. రాయి కాదు, ఆమె ఆ ముఖాన్ని చదువుకుంటున్నది. మూడో రోజు ఫాతిహా చదవడం అయి జనం పోయాక నా దగ్గరికి వచ్చి చెప్పింది.

“మస్తానప్పా, నా మొగుడు వాంతిభేదితోనే పొయ్యె. మా అత్త పొయ్యె. ఆ రోగమొచ్చినోళ్ల కండ్లు గుంటలు పడతాయి, దవడలు పీక్కపోతాయి. నా కొడుకు మొగం నిండుగా ఉండె. నువ్వు వొళ్లంతా చూసినావు. ఏముండె?”

మా నాయన నాకు నేర్పిన మొదటి మాట నీళ్లు ఎట్లా పోయాలని కాదు. ‘కడిగినవాడు చెప్పకూడదు. శవం మీద చూసింది నీతోనే మట్టికి పోవాలి. నువ్వు వాళ్ల లోపం దాస్తే అల్లా నీ లోపం దాస్తాడు’ అన్నాడు. గూని ఉన్నవాళ్లను, కుష్టు దాచుకున్నవాళ్లను, పెద్దింటివాళ్లను, బిచ్చగాళ్లను కడిగాను. ఇరవై ఏండ్లలో ఒక్క మాట నా నోటి నుంచి బయటపడలేదు. అందుకే ఊరు నాకు శవాలను నమ్మి ఇచ్చేది.

“చెప్పగూడదక్కా,” అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. “సరే” అని వెళ్లిపోయింది. ఒక్క మాట కూడా రెట్టించలేదు. తిట్టినా బాగుండేదని ఆ రోజంతా అనుకున్నాను.

ఆ మరుసటి వారం నుంచి దస్తగిరమ్మ కర్నూలుకు నడవడం మొదలుపెట్టింది. మిషను బడిలో చదువు చెప్పే ఏసుమణి పంతులు అర్జీ రాసిపెట్టాడు. చీకటితో లేచి పోయేది, పొద్దుగూకాక వచ్చేది. వారానికి రెండుసార్లు. ఊరు నవ్వింది. ‘గుడారాల పిచ్చిది’ అన్నారు. ఆ అన్నవాళ్ల పేర్లన్నీ నాకు తెలుసు. తరువాత ఆమె ఎదురైతే వాళ్లే లేచి నిలబడ్డారు.

ఆ యేడు రంజాను మే నెలలో వచ్చింది. ఎండకు నల్లరేగడి బీటలు పడి, అడుగు పెడితే కాళ్లు కాలిపోయే రోజులు. మగవాళ్లమే నీడన పడుకుని ఉపవాసం గడుపుతుంటే ఆమె ఉపవాసంతోనే పోను తొమ్మిది, రాను తొమ్మిది మైళ్లు నడిచేది.

అదే నెలలో ఒక ఆఫీసరుగారింట్లో పరుపులు ఏకేదానికి నేనూ కర్నూలు పోయాను. పని ముగించుకుని గుడారాల పక్కగా వస్తుంటే ఆమె గొంతు వినిపించింది. ఒక గుడారం ముందు గుమాస్తా విసుక్కుంటున్నాడు.

“ఏమ్మా, నీ కాగితం ఈ గుడారంది కాదని మొన్ననే చెప్తిని గదా.”

“మొన్న ఆ గుడారం కాడికి పొమ్మంటివి సామీ. ఆడికి పోతే ఈడికే పొమ్మన్న్యారు.”

“నాకు పనుండాది. పోయి బయట నీడన కూర్చో.”

“నీడనేనా?” అంది దస్తగిరమ్మ. గొంతు పెంచలేదు. “ఈడుండే నీడంతా నా కొడుకు ఏసిందే సామీ. ఇదో, తాడు కట్టిన ఈ గూటం చూడు. కడమోళ్లు నిలువుగా కొడతారు. వాడు ఏటవాలుగా కొట్టేటోడు, గాలొచ్చినా లేవగూడదని. ఇంట్లో నాకు పొయ్యి కాడ కట్టెపుల్లతో గుచ్చి చూపించినాడు. ఆ వరసలో ఏడు గుడారాలు వాడివే. వాడి నీడలో కూర్చోని, వాడు ఎట్ల సచ్చినాడో అడిగితే మాది గాదంటే ఎట్ల?”

గుమాస్తా చేతిలోని కలం అట్లాగే ఆగిపోయింది. వంగి ఆ గూటం వైపు చూశాడు. పాపం, చెడ్డవాడేమీ కాదు, ఎక్కడినుంచో బదిలీ మీద వచ్చి ఎండలో మాడుతున్నవాడు. కాగితం తీసుకుని లోపలికి పోయాడు. అర్ధగంటకు బయటికి వచ్చి ముద్ర వేసిన చీటీ ఆమె చేతిలో పెట్టాడు. “సబ్ కలెక్టరు విచారణ చేస్తారమ్మా. మీ ఊరికే వస్తారు. పెద్దాయన రాసినాడు,” అన్నాడు. మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు, “నీళ్లు తాగుతావా?” అని అడిగాడు.

“ఉపవాసముండా నాయనా,” అంది.

ఆ సాయంత్రం ఇద్దరం కలిసి నడిచి వచ్చాం. తొమ్మిది మైళ్లూ నేను ఒకటే భయపడ్డాను, మళ్లీ అడుగుతుందేమోనని. ఆమె అడగలేదు. వానల సంగతి మాట్లాడింది, నా పసిబిడ్డకు పళ్లు వచ్చాయా అని అడిగింది. ఊరి పొలిమేరలో ఉపవాసం విడిచే వేళైతే కొంగున ముడివేసిన ఖర్జూరపండు ఒక్కటి తీసి, సగం కొరికి నా చేతిలో సగం పెట్టింది. సిగ్గుతో తల వంచుకుని నమిలాను.

విచారణ మాట బయటికి పొక్కింది. నాలుగో రోజు హెడ్ కానిస్టేబులు మా ఇంటికి వచ్చాడు. నేను విల్లుతో దూది ఏకుతున్నాను. నా ఎదురుగా గొంతు కూర్చుని, లాఠీ కొసతో నా విల్లు నరాన్ని మీటాడు. టంయ్‌మంది.

“బాగానే పలుకుతాదే,” అన్నాడు. “పీనుగను నువ్వే కడిగినావంటనే. ఏమన్నా చూసినావా?”

“ఏమీ చూడలేదు దొరా,” అన్నాను.

“శభాష్. పెద్దదొర అడిగినా ఇదే మాట చెప్పు. పరుపులు కుట్టుకోని బతికేటోనివి, సల్లగా బతుకు.”

వాడు పోయాక ఖాసింబీ గోడకు చేరగిలబడి, “బతికిపోయినాం” అంది. నేను మళ్లీ విల్లు పట్టుకున్నాను. దస్తగిరమ్మతో ‘చెప్పగూడదు’ అన్నాను. వీడితో ‘చూడలేదు’ అన్నాను. దాచడం వేరు, లేదనడం వేరు. ఇన్నాళ్లూ మా నాయన మాట నిలబెడుతున్నానని లోలోపల మురిసిపోతున్నానే, ఛీ, నేను నిలబెట్టింది నా భయాన్ని. ఆ మాట ఎవరితోనూ అనలేక దూది మీద కోపం చూపించాను.

పండగ అయిన వారానికి చావిడిలో విచారణ అని తలారి వచ్చి చెప్పిపోయాడు. నేనూ, ఇమాంసాబూ హాజరు కావాలని నోటీసు. ముందురోజు సాయంత్రం దస్తగిరమ్మ మా ఇంటికి వచ్చింది. ఖాసింబీ సంగటి కెలుకుతున్నది. ఆమె గడప దగ్గరే కూర్చుంది.

“మస్తానప్పా, నిన్ను బలవంతం చేసేదానికి రాలేదు. ఒక మాట తెలుసుకోని పోదామని వచ్చినా. చూసింది దాచల్లంటారే, ఎవురి కోసం దాచేది?”

“సచ్చిపోయినోళ్ల కోసమక్కా. వాళ్ల వొంటిమీద ఉండేది వాళ్లది. వాళ్లు కప్పుకోలేరు గదా. మనం బయటపెడితే వాళ్ల పరువు పోతాది.”

“నిజమే. శానా మంచి మాట.” అంది. “నా కొడుక్కు ఎడమ తొడ మీద పుట్టుమచ్చ ఉండె. నడుముకాడ చిన్నప్పుడు ఉడుకునీళ్లు పడి కాలిన మచ్చ ఉండె. పెండ్లి అయితే పెండ్లాం నవ్వుతాదేమోనని వాడికి సిగ్గు. అవి వాడివి. నువ్వు పొయ్యేదాకా దాచు. నేను కాళ్లు మొక్కి చెప్తాండా, దాచు.” నా వైపు తిరిగింది. “వాడు ఇల్లు దాటేటప్పుడు లేనివి ఏమన్నా ఉండెనా? ఉంటే అవి వాడివి గాదు మస్తానప్పా. అవి కొట్టినోళ్లవి. వాళ్లవి దాచమని నీకెవురు చెప్పినారు?”

ఇరవై ఏండ్లు శవాలు కడిగిన నాకు, మా నాయనకు, ఏటా వచ్చి ప్రసంగాలు చెప్పిపోయే మౌల్వీకి ఎవరికీ తట్టని సంగతి అది. అక్షరం ముక్క రాని మనిషి, కొడుకు పోయిన మూడు నెలల్లో, ఆ ఎండదారిలో నడుస్తూ నడుస్తూ తనంతట తాను తేల్చుకుంది. తేల్చుకుని కూడా ‘చెప్పు’ అనలేదు. అడిగి ఊరుకుంది.

ఖాసింబీ ఒక కంచం తెచ్చి ఆమె ముందు పెట్టింది. సంగటి, గోంగూర ఊరిబిండి. “తిని పో దస్తగిరమ్మా,” అంది. ఆమె తిన్నది. ఆ పూట మొదలు పదిహేడేండ్లు ఆమె మా ఇంట్లోనే తిన్నది, మా ఇంట్లోనే పడుకుంది, మా బిడ్డలు ఆమెనే నానీ అని పిలిచారు. ఎవరు ఎవరిని ఉండమన్నారో, ఎప్పుడన్నారో మాకెవరికీ గుర్తులేదు.

మరునాడు నేను పాత పంచె కట్టుకోబోతే ఖాసింబీ చేతిలోంచి లాగేసుకుంది. పెట్టెలోని పండగ పంచె తీసి ఇచ్చింది.

“దొర ముందర నిలబడి మాట్లాడేటోనివి,” అంది. “మాసినది ఎందుకు?”

చావిడిలో ఇసుక వేస్తే రాలని జనం. సబ్ కలెక్టరు ముప్పై దాటనివాడు, కోస్తా సర్కారు జిల్లాల యాస. పక్కన కుర్చీలో ఎస్సై కాలు మీద కాలు వేసుకుని ఉన్నాడు. ఇమాంసాబును పిలిచారు. “నాకు పగలూ రాత్రీ ఒకటే సామీ, నీళ్లు పోసినా, అంతే తెలుసు,” అన్నాడు. ఎస్సై పెదవుల మీద నవ్వు వచ్చింది. తరువాత నన్ను పిలిచారు. ప్రమాణం చేయించారు.

“చెప్పే ముందర ఒక మనవి సామీ,” అన్నాను. “ఆమెను బయటికి పంపించండి. తల్లి. ఇది వినేదానికి ఆమె చేత గాదు.”

సబ్ కలెక్టరు దస్తగిరమ్మ వైపు చూశాడు. “కాసేపు బయట కూర్చుంటారా అమ్మా?” అని అడిగాడు.

“పోను సామీ,” అంది ఆమె. “మూడు నెలలు నడిచింది దీని కోసమే గదా. చెప్పు మస్తానప్పా.”

చెప్పాను. అరికాళ్ల దగ్గర మొదలుపెట్టాను. అరికాళ్లు నల్లగా కమిలి ఉబ్బి ఉన్నాయని, పిక్కల మీద లాఠీ వెడల్పున వాతలని, ఎడమ చేతి మణికట్టు ఎముక విరిగి వేలాడిందని, కుడివైపు పక్కటెముకలు నా చేతికింద లోపలికి పోయాయని, వీపు మీద చేయి పెట్టే చోటు లేదని. ఒక్కొక్కటి చెప్పి, ఆయన రాసుకునేదాకా ఆగి, ఇంకొకటి చెప్పాను. దస్తగిరమ్మ వైపు చూసే ధైర్యం నాకు లేదు. ఎస్సై కాలు కిందికి దించాడు.

“వాంతిభేది గుర్తులు ఏమైనా ఉన్నాయా?”

“లేవు సామీ. కడిగిన చేతులతోనే ఆ పూట సంగటి తిన్న్యా. మా ఇంట్లో ఎవురికీ ఒక వాంతి కాలేదు.”

“ఇంకేమైనా మచ్చలు చూశావా?”

“చూసినా సామీ. అవి ఆ పిల్లోనివి. అవి చెప్పను.”

చావిడి గుసగుసలాడింది. సబ్ కలెక్టరు నన్ను ఎగాదిగా చూసి, ఏమనుకున్నాడో, ఆ ప్రశ్న వదిలేశాడు. ఎస్సై లేచాడు.

“వీడు మా హెడ్డుతో ఏమీ చూడలేదని చెప్పినాడు సార్. ఇప్పుడు ఎవురో నేర్పించినారు.”

“అట్లా చెప్పావా?” అన్నాడు సబ్ కలెక్టరు.

“చెప్పినా సామీ. అది అబద్ధం. భయంతో చెప్పినా.”

ఊరంతటి ముందు ఆ మాట అనేసరికి, చెబితే నమ్మరు, నా వీపు మీది నుంచి బస్తా దింపినట్టయింది. ఇక నా చేతికి ఎవరూ శవాన్ని ఇవ్వరని ఆ క్షణంలో అనుకున్నాను. ఇవ్వకపోతే పోనీ అనీ అనుకున్నాను. తరువాత ఒక్క ఇల్లూ నన్ను పిలవడం మానలేదు, అది వేరే సంగతి.

సబ్ కలెక్టరు నేను చెప్పిందంతా చదివి వినిపించి వేలిముద్ర వేయించుకున్నాడు. మణికట్టు, పక్కటెముకల మాట కింద గీత గీశాడు. ఆ తరువాత దస్తగిరమ్మ వైపు తిరిగి, “ఈ సాక్షిని మీరేమైనా అడగదలచుకున్నారా అమ్మా?” అన్నాడు.

ఆమె లేచి నిలబడింది. కొంగు నిండుగా కప్పుకుంది. ఎస్సైని గురించి అడుగుతుందనుకున్నారు అందరూ. నేనూ అట్లాగే అనుకున్నాను.

“మస్తానప్పా,” అంది. “ఆ పొద్దు వాణ్ణి కడిగిన నీళ్లు సల్లనివా, ఎచ్చనివా?”

“గోరెచ్చనివక్కా. మా ఖాసింబీ కాంచి పంపించె.”

“దెబ్బల మీద మెల్లగా పోయిస్తివా?”

“నా చెయ్యి అడ్డం పెట్టి పోయించినా. మెల్లగానే.”

తల ఊపింది. అట్లాగే నేల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, కొడుకు పోయిన తొంభై రోజులకు మొదటిసారి ఏడ్చింది. సబ్ కలెక్టరు కలం మూసి పక్కన పెట్టాడు. ఆమె ఏడుపు ఆగేదాకా చావిడిలో ఎవరమూ లేవలేదు.